బొటనవేలంత బొమ్మకు వంద టన్నుల బరువు

నేను రంగు వేసిన మొదటి యుద్ధరోబో ఇంకా నా బల్ల మీదే ఉంది. ఎత్తు అయిదు సెంటీమీటర్లు కూడా ఉండదు. కవచం మీద రంగు పెచ్చులూడి లోపలి ఇనుము బయటపడినట్టు చూపించాలని స్పాంజి ముక్కతో ఓపిగ్గా ముదురు గోధుమరంగు అద్దాను. అయిపోయాక నాకైతే ముచ్చటేసింది. మా అన్నయ్య కొడుకు వచ్చి, దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "బాబాయ్, దీన్ని ఎలుకలు కొరికాయా?" అని అడిగాడు.

వాడు అన్నదాంట్లో తప్పేం లేదు. ఆ బొమ్మ బ్యాటిల్‌టెక్ అనే వార్‌గేమ్‌ది, అంటే బల్ల మీద బొమ్మలతో ఆడే యుద్ధపు ఆటది. ఆ ఆటలో బొమ్మల స్కేలు దాదాపు 1/285, అంటే అసలు యంత్రం బొమ్మకు 285 రెట్లు. నేను పెట్టిన మూడు మిల్లీమీటర్ల మచ్చ అసలు యంత్రం మీదకు వెళ్తే 85 సెంటీమీటర్లు అవుతుంది. లారీ తలుపు మీద రంగు ఊడితే గోరంత ఊడుతుంది, మహా అయితే అరచేయంత. కిటికీ అంత పెచ్చు ఎవరైనా చూశారా? కంటికి లెక్క తెలియకపోయినా తేడా తెలిసిపోతుంది. పెద్ద యంత్రం మీద చిన్న దెబ్బలా కాకుండా, చిన్న బొమ్మ మీద పెద్ద మచ్చలా కనిపించింది.

ఈ సరదాలో జిగురు, రంపం, పుట్టీ, బ్రష్షు అన్నీ ఒక్క పని కోసమే. అరచేతిలో పట్టే ప్లాస్టిక్ ముక్కను చూసి కన్ను తలెత్తి చూస్తున్నట్టు భ్రమపడాలి. అందుకు రెండు కొలబద్దలు దగ్గర పెట్టుకోవాలి. ఒకటి యంత్రం కొలబద్ద: ఈ గీత నిజంలో ఎంత వెడల్పు, ఈ రాయి నిజంలో ఎంత బండ? రెండోది చూసేవాడి కొలబద్ద: ఆట ఆడేటప్పుడు బొమ్మ మనకు రెండు మూడు అడుగుల దూరంలో ఉంటుంది, అక్కణ్నుంచి ఏం కనిపిస్తుంది? ఈ రెండూ అస్తమానం పోట్లాడుకుంటాయి. ఎక్కడ దేని మాట వినాలో తేల్చుకోవడమే అసలు చిక్కు.

ఏ రోబో ఎక్కడిది

బయటివాళ్లకు రోబో బొమ్మలన్నీ ఒకటే. కానీ కనీసం మూడు వేరు వేరు వంశాలున్నాయి. నిజానికి 'రోబో' అనే మాట కూడా కుదరదు. వీటిలో చాలావాటి లోపల కూర్చుని నడిపే మనిషి ఉంటాడు కాబట్టి ఆటగాళ్లు ఎక్కువగా 'మెక్' అంటారు. లోపల మనిషి ఉండటం మనకు మంచిదే. అతను కూర్చునే అద్దాల గది ఎంతుందో చూసే మన కన్ను మిగతా ఒళ్లంతా కొలుచుకుంటుంది.

మొదటి వంశం జపాన్‌ది. 1979లో టీవీలో గండమ్ అనే రోబోల యానిమేషన్ సీరియల్ వచ్చింది. 1980 జులైలో బందాయ్ కంపెనీ దాని ప్లాస్టిక్ కిట్టును 1/144 స్కేల్లో 300 యెన్లకు అమ్మకానికి పెట్టింది. కథలో ఆ యంత్రం ఎత్తు 18 మీటర్లు, ఆరంతస్తుల మేడంత, లేదా బాగా ఎదిగిన తాటిచెట్టంత. 144తో భాగిస్తే పన్నెండున్నర సెంటీమీటర్లు. ఇప్పటి కిట్లలో ముక్కలు రంగురంగుల ప్లాస్టిక్‌లోనే వస్తాయి, జిగురు లేకుండా నొక్కితే అతుక్కుంటాయి, కీళ్లన్నీ కదులుతాయి. ఇవి అలమరలో పెట్టుకునేవే గానీ ఆటకు పుట్టినవి కావు. అయినా వార్‌గేమర్లు వీటి నుంచి తుపాకులూ భుజాలూ అరువు తెచ్చుకుంటూనే ఉంటారు.

రెండోది అమెరికాది. షికాగోలోని ఫాసా అనే చిన్న కంపెనీ 1984లో 'బ్యాటిల్‌డ్రాయిడ్స్' అనే ఆట తెచ్చింది. 'డ్రాయిడ్' అనే మాట మాదంటూ స్టార్ వార్స్ సినిమాల కంపెనీ లూకాస్‌ఫిల్మ్ అడ్డుపడటంతో మరుసటి ఏడే పేరు 'బ్యాటిల్‌టెక్' అయింది. పేరు గొడవ అలా తీరింది గానీ రూపాల గొడవ తీరలేదు. ఆ ఆటలో పేరుమోసిన మెక్‌లు చాలావరకు జపాన్ యానిమేషన్ నుంచి, ముఖ్యంగా మాక్రాస్, డౌగ్రామ్‌ల నుంచి వచ్చిన రూపాలే. ఫాసా వాటికి హక్కులు కొనుక్కునే తెచ్చుకుంది. కానీ మాక్రాస్ హక్కులు మావంటూ హార్మొనీ గోల్డ్ అనే మరో అమెరికన్ కంపెనీ కోర్టుకెక్కింది. 1996లో రాజీ కుదిరాక ఫాసా ఆ బొమ్మల్ని పుస్తకాల్లో వేయడం మానేసింది. పేర్లు, బరువులు, ఆయుధాలు ఆటలో ఉన్నాయి, బొమ్మే లేదు! ఆటగాళ్లు వాటికి 'అన్‌సీన్' అని పేరు పెట్టారు, అంటే కనబడనివి. అవే పేర్లకు కొత్త రూపాలు గీసుకుని ఆట మళ్లీ నిలదొక్కుకుంది. ఆ తగవుల్లో చివరి పెద్ద కేసు 2018లో గానీ ముగియలేదు.

మూడోది ఇంగ్లండ్‌ది, గేమ్స్ వర్క్‌షాప్‌ది. 1988లో వాళ్లు తెచ్చిన 'అడెప్టస్ టైటానికస్' పెట్టెలో టైటాన్లు అనే భారీ యుద్ధయంత్రాల ప్లాస్టిక్ బొమ్మలన్నీ ఒకే రకం. వేరే పక్షానికి ఇంకో రకం బొమ్మ చేయాలంటే మరో ఉక్కు అచ్చు కావాలి, దానికి బోలెడు ఖర్చు. మరి రెండు వైపులా ఒకే యంత్రాలు ఎందుకు కొట్టుకుంటున్నాయి? అది అంతర్యుద్ధం కాబట్టి. అలా అచ్చు ఖర్చు తప్పించుకోవడానికి పనికొచ్చిన కథ, 'హోరస్ హెరెసీ', తర్వాత డజన్లకొద్దీ నవలలుగా పెరిగింది. ఈ ముచ్చట నాకు ఎంతిష్టమో చెప్పలేను. మామూలుగా కథను బట్టి బొమ్మ చేస్తారనుకుంటాం, ఇక్కడ బొమ్మను బట్టి కథ పుట్టింది. అదే ఆట 2018లో కొత్త ప్లాస్టిక్ కిట్లతో మళ్లీ వచ్చింది. మామూలు సైనికుల బొమ్మల పక్కన నిలబడే కాస్త చిన్న యంత్రాలు, ఇంపీరియల్ నైట్‌లు, 2014లో ప్లాస్టిక్‌లో వచ్చాయి.

ఇక ఆ కొలబద్ద సంగతి. బ్యాటిల్‌టెక్‌లో ఒక మిల్లీమీటరు అంటే 28 సెంటీమీటర్లు, జానెడు కంటే ఎక్కువ. నైట్‌లు ఉండే పెద్ద స్కేల్లో, మనిషి బొమ్మ మూడు సెంటీమీటర్లు ఉండే చోట, ఒక మిల్లీమీటరు సుమారు ఆరు సెంటీమీటర్లు. ఒక ఆటలో బాగున్న మచ్చ ఇంకో ఆటలో ఎలుక కొరికినట్టు ఉండేది ఇందుకే.

జిగురు దగ్గరే సగం తప్పులు

ఏ జిగురు అనే ప్రశ్న నిజానికి ఏ పదార్థం అనే ప్రశ్న. స్ప్రూ, అంటే చట్రానికి అంటుకుని ముక్కలు వచ్చే కిట్లు ఎక్కువగా పాలిస్టైరిన్‌వి. వీటికి వాడే ప్లాస్టిక్ సిమెంట్ అసలు జిగురే కాదు, ద్రావకం. రెండు వైపులా ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది, కరిగిన రెండూ కలిసిపోతాయి, ద్రావకం ఆవిరైపోయాక ఒకే ముక్క మిగులుతుంది. వెల్డింగ్ లాంటిదన్నమాట. రాసి గట్టిగా నొక్కితే అతుకు వెంట సన్నటి ప్లాస్టిక్ గట్టు పైకి ఉబుకుతుంది. అది చూసి కంగారుపడి తుడిచేయకండి. మర్నాటికి గట్టిపడ్డాక బ్లేడుతో చెక్కేస్తే అతుకు ఎక్కడుందో కూడా తెలియదు.

అదే సిమెంట్‌ను రెసిన్ (ద్రవంగా అచ్చులో పోస్తే గట్టిపడే పదార్థం) మీదో, లోహం మీదో రాస్తే ఏమీ జరగదు, కరిగేదేమీ లేదు కాబట్టి. బ్యాటిల్‌టెక్ పెట్టెల్లో అతికించి, సిద్ధం చేసి ఇచ్చే మెత్తటి ప్లాస్టిక్ బొమ్మలకూ అది పనిచేయదు. వాటికి సూపర్‌గ్లూ కావాలి, మన భాషలో ఫెవిక్విక్. ఆ మెత్తటి బొమ్మల్లో తుపాకీ గొట్టాలు తరచూ వంకరపోయి వస్తాయి. వేడినీళ్లలో కాసేపు ముంచి, వేళ్లతో సరిచేసి, వెంటనే చల్లటి నీళ్లలో పెడితే నిటారుగా నిలుస్తాయి.

ఫెవిక్విక్ గట్టిపడేది గాలిలో, ముక్క మీద ఉండే తేమ వల్ల. అందుకే కోస్తా ఊళ్లలో అది చటుక్కున పట్టేస్తుంది, వేళ్లతో సహా. లాగితే ఊడదు గానీ పక్కనుంచి దెబ్బ తగిలితే పుటుక్కున విరుగుతుంది. అలమరలో నిలబడే బొమ్మకు పరవాలేదు. ఆటబొమ్మ నెలకు పదిసార్లు చేతులు మారుతుంది, డబ్బాలో దొర్లుతుంది, బల్ల మీంచి పడుతుంది. అందుకే లోహం, రెసిన్ బొమ్మల చేతులకు లోపల తీగ వేస్తారు. రెండు వైపులా చిన్న చేతి డ్రిల్లుతో బెజ్జం పెట్టి, ఇత్తడి తీగో, పేపర్ క్లిప్పు ముక్కో దూర్చి అతికిస్తారు. మేస్త్రీ స్తంభంలో ఇనుపచువ్వ వేసినట్టే.

రెసిన్ గురించి ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పాలి. దాని పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. ఎమ్రీ పేపర్‌ను నీళ్లలో తడిపి రుద్దండి, మాస్కు పెట్టుకోండి. అచ్చులోంచి సులువుగా రావడానికి రాసిన జిడ్డు రెసిన్ ముక్కల మీద మిగిలి ఉంటుంది. గిన్నెలు తోమే సబ్బుతో కడక్కపోతే తర్వాత రంగు పొరలు పొరలుగా లేచిపోతుంది.

ముక్కల మీద సన్నగా గట్టులా కనిపించేది అచ్చుగీత, అచ్చు రెండు భాగాలు కలిసే చోటు. బ్లేడు వీపుతో గీకేస్తే పోతుంది. విసుగు పుట్టించే పనే గానీ తప్పించుకోలేం. జానెడు మందం కవచం మీద అలాంటి గట్టు ఏ కార్ఖానాలోనూ మిగలదు. రంగు వేశాక ఆ ఒక్క గీతే "నేను బొమ్మను" అని అరిచి చెబుతుంది.

కాలు కోయడం ఎందుకు

కన్వర్షన్ అంటే కిట్టులో ఇచ్చినట్టు కాకుండా కోసి, మార్చి, వేరే ముక్కలు కలిపి చేసుకోవడం. మొదలుపెట్టడానికి రోబోను మించిన బొమ్మ లేదని నా అభిప్రాయం. మనిషి ముఖం చెక్కాలంటే శిల్పి కావాలి, ముక్కు అర మిల్లీమీటరు పక్కకు పోతే కోతి అవుతుంది. యంత్రం అలా కాదు. పలకలు, గొట్టాలు, పెట్టెలు. తెల్లటి పాలిస్టైరిన్ షీటు, స్కేలు, బ్లేడు ఉంటే కొత్త భుజకవచం చేసుకోవచ్చు. పలక అంచును కాస్త ఏటవాలుగా గీకితే మందం తెలుస్తుంది. సన్నటి ప్లాస్టిక్ కడ్డీని బిళ్లలుగా కోసి అతికిస్తే బోల్టులు.

అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చేది మాత్రం భంగిమ. ఇక్కడ బరువు లెక్క ఒకటి చూడాలి. ఒక వస్తువును అదే పదార్థంతో 144 రెట్లు పెంచితే బరువు 144 రెట్లు పెరగదు. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ పెరుగుతాయి కాబట్టి దాదాపు 30 లక్షల రెట్లు పెరుగుతుంది. పాదం వైశాల్యం పెరిగేది సుమారు 20 వేల రెట్లే. అందుకే నిజంగా అంతటి యంత్రం ఉంటే పొలంలో అడుగు పెట్టిన మరుక్షణం మోకాలిదాకా దిగబడుతుంది.

ఇందులో ఒక తమాషా ఉంది. బ్యాటిల్‌టెక్‌లో అట్లాస్ అనే పెద్ద మెక్ బరువు కాగితం మీద 100 టన్నులు. దాన్ని 285 ఘనంతో భాగించి చూడండి, నాలుగు గ్రాముల పైచిలుకు వస్తుంది. లోహపు అట్లాస్ బొమ్మ దానికి ఎన్నో రెట్లు బరువుంటుంది. అంటే అంత ఒళ్లున్న యంత్రానికి ఆటలో రాసిన వంద టన్నులు చాలా తక్కువ! ఎవరూ పట్టించుకోరు, ఎందుకంటే మనకు 'బరువు' అనిపించేది అంకెను బట్టి కాదు, అది నిలబడ్డ తీరును బట్టి.

బరువైనది ఎలా నిలబడుతుందో మనందరికీ తెలుసు. ధాన్యం బస్తా భుజాన వేసుకున్న హమాలీని గుర్తుచేసుకోండి. మోకాళ్లు కాస్త వంగి ఉంటాయి, నడుము ఒక పక్కకు జరిగి ఉంటుంది, మొత్తం బరువు నేల మీద ఆనిన కాలి మీదకు వస్తుంది, రెండో కాలు ఊరికే ఆసరా. కిట్టులో వచ్చే రోబో చాలాసార్లు అటెన్షన్‌లో నిలబడ్డ ఎన్‌సీసీ క్యాడెట్‌లా ఉంటుంది. ఇంపీరియల్ నైట్ కిట్టులో తల, నడుము, చేతులు తిప్పుకోవచ్చు గానీ కాళ్లు ఒకే భంగిమలో బిగిసి ఉంటాయి. ముగ్గురు ఆటగాళ్లు తలా రెండు కొంటే బల్ల మీద ఆరు బొమ్మలు కవాతు చేస్తున్నట్టుంటాయి. అందుకే జనం సన్నటి రంపం తీసుకుని మోకాలు, తుంటి దగ్గర కోస్తారు.

కోయడం తేలికే, తర్వాతే తెలుస్తుంది. కాలు వెనుక ఒక పిస్టన్ ఉంటుంది. మోకాలు ఎక్కువ వంచితే పిస్టన్ పొడవు మారాలి కదా? పాత పిస్టన్‌నే ఉంచితే అది గాల్లో తేలుతుంది, లేదా తొడలోకి దూరిపోతుంది. దాన్ని కోసేసి, ఒకదానిలో ఒకటి దూరే రెండు సన్న గొట్టాలతో కొత్తది వేయాలి. చూసేవాళ్లు ఈ పిస్టన్‌ను విడిగా ఎప్పుడూ గమనించరు. కానీ అది తప్పుగా ఉంటే బొమ్మ 'ఏదో తేడాగా' ఉందంటారు. రంపం పళ్లు తినేసిన ప్లాస్టిక్ మందాన్ని కూడా లెక్కలో వేసుకోవాలి. నా మొదటి నైట్ ఒక కాలు రెండో కాలికంటే మిల్లీమీటరు పొట్టి. దాని పాదం కింద ఒక బండరాయి ఎందుకు పెట్టానో ఇప్పుడు మీకు తెలిసిపోయింది.

ఖాళీలు పూడ్చడానికి ఎపాక్సీ పుట్టీలు ఉన్నాయి. నీలం, పసుపు కలిపితే ఆకుపచ్చయ్యే గ్రీన్‌స్టఫ్ గట్టిపడ్డాక కూడా కాస్త సాగుతుంది. కేబుళ్లు, గొట్టాలు చేయడానికి బాగుంటుంది గానీ నునుపుగా అరగదు. మిల్లిపుట్ రాయిలా గట్టిపడి చక్కగా అరుగుతుంది, పలకల అతుకులకు అదే మేలు. మన హార్డ్‌వేర్ షాపుల్లో దొరికే ఎం-సీల్‌తోనూ పని జరుగుతుంది. సున్నితమైన వివరాలకు అది మొరటు, బేస్ మీద రాళ్లకు మాత్రం భేష్.

ఆట కోసం చేసేవాళ్లకు భంగిమ విషయంలో ఇంకో కట్టుబాటు ఉంది. బ్యాటిల్‌టెక్‌లో మెక్ ఏ వైపు తిరిగి ఉందో నియమాల ప్రకారం ముఖ్యం, వెనుక కవచం పల్చన కాబట్టి. మ్యాపు మీది ఆరు పలకల గడిలో పాదాలు ఏ పలక వైపు ఉంటే అదే ముఖం. నడుము పైభాగం అటో ఇటో ఒక పలక దాకా తిరగొచ్చు. మీరు నాటకీయంగా ఉంటుందని నడుము బాగా మెలితిప్పి, కాళ్లు ఒకటి తూర్పుకూ ఒకటి ఉత్తరానికీ పెట్టారనుకోండి, ప్రతి రౌండులో ఎదుటివాడితో వాదనే. అందుకే బేస్ అంచున ముందువైపు చిన్న గీత పెట్టుకుంటారు. అన్నట్టు ఆ గడి వెడల్పు మ్యాపు మీద మూడు సెంటీమీటర్ల పైచిలుకు, నియమాల ప్రకారం 30 మీటర్లు. అంటే నేల స్కేలు ఒకటి, దాని మీద నిలబడ్డ బొమ్మ స్కేలు ఇంకొకటి. ఈ మూడో కొలబద్దను మాత్రం అందరూ హాయిగా మర్చిపోతారు.

గేమ్స్ వర్క్‌షాప్ వాళ్ల వార్‌హ్యామర్ ఆటల్లో కట్టుబాటు ఇంకోలా ఉంటుంది. బొమ్మ చేతిలో ఏ ఆయుధం కనిపిస్తే అదే వాడుతున్నట్టు లెక్క. మరి వారానికో ఆయుధం మార్చాలంటే? చేతుల కీళ్లలో చిన్న నియోడిమియం అయస్కాంతాలు పెడతారు. తీసి పెట్టుకోవచ్చు, కింద పడితే విరగకుండా ఊడి పడుతుంది. ఒక్కటే జాగ్రత్త. అతికించే ముందే ఏ ముఖం ఎటో మార్కర్‌తో గుర్తు పెట్టుకోవాలి. నా దగ్గర ఒక ఫిరంగి ఉంది, భుజం దగ్గరికి తీసుకెళ్తే అలిగి పక్కకు జారిపోతుంది.

రంగు దగ్గర రెండు కొలబద్దల పోట్లాట

మాది విజయవాడ. కొండపల్లి దగ్గరే. అక్కడ బొమ్మ చేసే వరస చూస్తే ఈ సరదా నాకు కొత్తగా అనిపించలేదు. తెల్లపొణికి చెక్కతో కాళ్లూ చేతులూ విడివిడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికి, పైన సున్నం పూసి, ఆరాక రంగులు వేస్తారు. ముక్కలు, పుట్టీ, ప్రైమర్, రంగు. ఇదీ అదే వరస. సున్నం ఎందుకు పూస్తారో ప్రైమర్ కూడా దాదాపు అందుకే. చెక్కా మక్కూ వేరు వేరుగా రంగు పీల్చకుండా, పైన అంతా ఒకే నేలలా ఉండటానికి. ప్లాస్టిక్ అయితే అసలు పీల్చనే పీల్చదు, నీళ్లలో కలిపే యాక్రిలిక్ రంగు దాని మీద నిలవదు, గోరు తగిలితే లేచిపోతుంది.

ప్రైమర్ స్ప్రే డబ్బాల మీద రాసే సూచనలు మన వాతావరణాన్ని చూసి రాసినవి కావు. మేలో మిట్టమధ్యాహ్నం కొడితే రంగు తుంపర్లు బొమ్మను చేరేలోపే గాల్లో ఆరిపోయి, ఎమ్రీ పేపర్‌లా గరుకుగా పడతాయి. వానాకాలం కొడితే ద్రావకం ఆవిరయ్యేటప్పుడు ముక్క చల్లబడి, గాలిలోని తేమ దాని మీద పట్టి, తెల్లటి మసక మిగులుతుంది. ఒక ఆగస్టులో వాన వెలిసింది కదా అని మేడ మీదకెళ్లి నాలుగు మెక్‌లకు నల్ల ప్రైమర్ కొట్టాను. దిగి వచ్చేసరికి నాలుగూ విభూతి రాసుకున్నట్టున్నాయి. ఇప్పుడు ఎండాకాలమైతే తెల్లవారుజామున, వానాకాలమైతే బ్రష్షుతో రాసే ప్రైమర్.

ఇక రంగు. రెండు కొలబద్దల్లో దేని మాట వినాలి? చాలా బొమ్మలు పాడుచేశాక నేను పెట్టుకున్న పద్ధతి ఇది. వెలుగునీడలు, పెద్ద రంగుల విభజన చూసేవాడి కొలబద్ద ప్రకారం. దెబ్బలు, మురికి, గుర్తులు యంత్రం కొలబద్ద ప్రకారం.

వెలుగునీడల సంగతి ముందు. నిజంగా పది మీటర్ల యంత్రం ఎండలో నిలబడితే భుజాల మీద వెలుగు, పొట్ట కింద చిక్కటి నీడ. బొమ్మ మీద మీ ట్యూబ్‌లైటు వెలుగు అంత తేడా చూపించదు. చిన్న వస్తువు మీద నీడలు చిన్నవి, మెత్తవి. కాబట్టి ఆ తేడాను మనమే రంగుతో కల్పించాలి. నల్ల ప్రైమర్ మీద పైనుంచి మాత్రమే తెలుపు స్ప్రే చేయడం ఇందుకే. సూర్యుడు నడినెత్తిన ఉన్నట్టు భుజాలు, తల, పాదాల పైభాగం తేలతాయి. దాని మీద పల్చగా రంగు వేస్తే కింది వెలుగునీడలు తొంగిచూస్తాయి. తర్వాత సందుల్లోకి పాకే పల్చటి ముదురు రంగు, వాష్. అంచులకు సన్నటి లేతరంగు గీత. ఈ గీత అబద్ధమని నాకు తెలుసు. బ్యాటిల్‌టెక్ బొమ్మ మీద అర మిల్లీమీటరు గీత అంటే 14 సెంటీమీటర్ల తెల్లపట్టీ, ఏ యంత్రం అంచూ అలా మెరవదు. అయినా వేస్తాను, మూడడుగుల దూరం నుంచి పలక ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో చెప్పేది ఆ గీతే కాబట్టి.

మురికి దగ్గర మాత్రం రాజీ వద్దు. బొమ్మను మోకాళ్లదాకా బురదలో ముంచడం కొత్తవాళ్లకు మహా ఇష్టం. పది మీటర్ల యంత్రం మోకాలు నేల నుంచి మూడు మీటర్ల ఎత్తున ఉంటుంది. వానాకాలంలో మట్టిరోడ్డు మీద వచ్చిన లారీకి బురద చక్రాల పైదాకా, తలుపు కిందిదాకా చిమ్ముతుంది, క్యాబిన్ పైకప్పుకు కాదు. మెక్‌కు చీలమండ దాటితే ఎక్కువే. ఆ పైన ఉండాల్సింది దుమ్ము, వానచారలు. మన ఊళ్లలో పాత నీళ్లట్యాంకును చూడండి. బోల్టు దగ్గర మొదలై సన్నటి తుప్పుచార కిందికి జారుతుంది, పైన చిక్కగా, కిందికి పోయేకొద్దీ పల్చగా. ఆయిల్ రంగు చుక్క పెట్టి, టర్పెంటైన్‌లో ముంచి పిండేసిన బ్రష్షుతో కిందికి లాగితే సరిగ్గా అదే వస్తుంది. కింద యాక్రిలిక్ రంగు పూర్తిగా ఆరి, పైన వార్నిష్ ఉంటే టర్పెంటైన్ దాన్ని ఏమీ చేయదు. గండమ్ కిట్ల లాంటి నొక్కి బిగించే వాటి మీద మాత్రం జాగ్రత్త. రంగు, వార్నిష్ లేని ఉత్త ప్లాస్టిక్ కీళ్ల దగ్గర ఎనామెల్ థిన్నర్ చేరితే, అప్పటికే బిగుతులో ఉన్న ముక్క పగులుతుంది.

పెచ్చుల మచ్చలకు ఇప్పటికీ స్పాంజే వాడతాను. కానీ దాదాపు పొడిగా, ముందు కాగితం మీద అద్ది చూసి, కంటికి ఆనీ ఆననట్టు ఉన్నప్పుడే బొమ్మ మీదకు తెస్తాను. అవి కూడా యంత్రానికి దెబ్బ తగిలే చోట్లే: పాదం అంచు, మోకాలు, మోచేయి, మనిషి ఎక్కి దిగే మెట్టు.

టైటాన్లకు ఒక ప్రత్యేకమైన పని ఉంటుంది. వాటి కవచపలకల చుట్టూ ఇత్తడి అంచులు. అన్నీ అతికించాక ఆ అంచులు రంగు వేయడం నరకం. కొత్త టైటానికస్ కిట్లలో లోపలి అస్థిపంజరం, పై పలకలు విడివిడిగా ఉంటాయి కాబట్టి తెలివైనవాళ్లు పలకల్ని విడిగా పుల్లలకు అంటించి రంగు వేసి, చివర్లో తొడుగుతారు. అతికే చోట రంగు గీకేయాలి, లేకపోతే సిమెంట్ కరిగించేది మీ రంగునే.

నంబర్లు, గుర్తులు నీళ్లలో నానబెట్టి జార్చే స్టిక్కర్లు, డెకాల్స్. గరుకు ఉపరితలం మీద వేస్తే కింద గాలి చిక్కుకుని వెండిలా మెరుస్తాయి. ముందు నునుపుగా మెరిసే వార్నిష్, తర్వాత డెకాల్, ఆ తర్వాత అన్నిటి మీదా మెరవని మ్యాట్ వార్నిష్. చిన్న చిన్న హెచ్చరిక రాతలు ఎన్ని ఉంటే యంత్రం అంత పెద్దదిగా కనిపిస్తుంది, చదవలేకపోయినా సరే. బస్సు వెనుక రాతలు దూరం నుంచి చీమల్లా కనిపించడం మనకు అలవాటే కదా.

కాలి కింద నేల

త్రీడీ ప్రింటర్లు వచ్చాక ఇంట్లోనే బొమ్మ పుడుతోంది. గట్టిపడని రెసిన్ చేతికి తగిలితే అలర్జీ వచ్చే ప్రమాదం ఉంది, గ్లౌజులు తప్పనిసరి. ఎవరి రూపాన్ని ప్రింట్ చేస్తున్నామన్న ప్రశ్న కూడా ఉంది, ఫాసా కథ విన్నాక దాన్ని తేలిగ్గా తీసుకోలేం. కానీ ప్రింటరైనా కిట్టైనా, బొమ్మ చివరికి నిలబడాల్సింది ఒక చిన్న బిళ్ల మీద. సగం భ్రమ అక్కడే పుడుతుంది.

చక్కగా రంగు వేసిన రోబోను ఉత్త నల్ల బిళ్ల మీద నిలబెడితే అది ఎంతెత్తైనా కావచ్చు. దాని కాలి దగ్గర బొటనవేలి గోరంత కారు ఒకటి పెట్టండి, వెంటనే ఎత్తు తేలిపోతుంది. పాదం నేల మీద ఆనినట్టు కాకుండా నేలలోకి దిగినట్టు ఉండాలి. కార్క్ షీటును చేత్తో తుంచి అతికిస్తే పగిలిన సిమెంటు రోడ్డులా ఉంటుంది. పాదం కింది ముక్కను కాస్త లోపలికి నొక్కి, చుట్టూ ముక్కలు పైకి లేచినట్టు పెడితే బరువంతా కనిపిస్తుంది.

నేలకు ఫెవికాల్ రాసి ఇసుక చల్లుతారు. ఇక్కడే మళ్లీ ఎలుక కొరుకుడు. ఇల్లు కట్టే చోట తెచ్చిన ఇసుకలో ఒక్కో రేణువు మిల్లీమీటరుంటే, బ్యాటిల్‌టెక్ మెక్ కాలి దగ్గర అది జానెడు బండ. నేలంతా జానెడు బండలే పరిస్తే అది పొలం కాదు, ఏటి ఒడ్డు. అందుకే ఇసుకను సన్నటి జల్లెడ పట్టాలి. పాత ఇటుకను నూరి, అదే జల్లెడలో వేస్తే ఇంకా మెత్తటి ఎర్రమట్టి వస్తుంది. నేను మొదట్లో వంటింట్లోని టీ జల్లెడ వాడాను. ఇప్పుడు మా ఇంట్లో టీ జల్లెడలు రెండున్నాయి, ఒకదాని పిడికి మా ఆవిడ ఎర్రదారం కట్టింది.